బోణీ బండి

స్టేషను రోడ్డు మలుపు దాటగానే బండి ఎడమకి లాగుతుంది. గురువమ్మకి అది తెలుసు. అందుకే మలుపు రాకముందే రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి, మోచెయ్యి తలుపుకి ఆనించి, ఒళ్ళంతా కుడికి వంచి కూర్చుంటుంది. చూసేవాళ్ళకి ఎవరితోనో సీటు కోసం తోసుకుంటున్నట్టు కనబడుతుంది.

పక్క సీట్లో లిప్సా విజిలు నోట్లోంచి తీసి నవ్వింది. సెమిలిగుడ దగ్గర పల్లె ఆమెది. సగం తెలుగు, సగం దేశియా అనే కొండ ఒడియా కలిపి మాట్లాడుతుంది.

"ఎడం పక్కన దీనికి మొగుడున్నాడక్కా. ఆడి కాడికే పోతానంటాది."

"ఉన్నాడు. కాలవలో ఉన్నాడు. ఓ రోజు మనిద్దర్నీ తీసుకెళ్ళి ఆడికి పరిచయం సేస్తాది," అంది గురువమ్మ.

రాయగడ మున్సిపాలిటీ చెత్త బండి అది. వెనక తొట్టిని ఇనప రేకుతో రెండు గదులు చేసేరు. ఎడమ గదికి ఆకుపచ్చ పలక, తడి చెత్త. కుడి గదికి నీలం పలక, పొడి చెత్త. వానాకాలం తడి చెత్త అంటే మాటలు కాదు. కూరగాయల మార్కెట్టు నుంచి ఒక్క తట్ట ఎక్కితే బండి ఉసూరుమని ఎడమకి ఒరుగుతుంది. అవతలి గదిలో ప్లాస్టిక్ సంచులు, అట్టపెట్టెలు గాలికి ఎగురుతుంటాయి.

ఆ రోజు పొద్దుట్నుంచి సన్నగా వాన. మార్కెట్టు దగ్గర రోడ్డు అంచున కొండ నుంచి దిగిన ఒక ఆడమనిషి గోనె పరిచి అనాసపళ్ళు పేర్చుకుని కూర్చుంది. ఎదురుగా బస్సు వచ్చింది. గురువమ్మ బస్సుకి దారిచ్చి మళ్ళీ కుడికి తిప్పబోయింది. బండి తిరగలేదు. తడి రోడ్డు మీద అడుగు మేర ఎడమకి జారి, గోనె అంచు మీదికి ఎక్కి ఆగింది. పండు చితికిన చప్పుడైంది. ఆ మనిషి కాళ్ళు లాక్కుంది. ఒక్క లిప్త ఆలస్యమైతే చితికేది పండు కాదు.

గురువమ్మ దిగిపోయింది. ఆ కొండ మనిషి అరవలేదు. పళ్ళకేసి చూసింది, చక్రంకేసి చూసింది, తరవాత గురువమ్మ మొహంకేసి చూసింది. తిట్టినా బాగుండునని అనిపించింది గురువమ్మకి. వంగి, దొర్లిపోయిన పళ్ళు ఒక్కొక్కటే తెచ్చి, బురద కొంగుతో తుడిచి, మళ్ళీ వరసలో పెట్టింది.

వెనక మోటారు సైకిలు మీద ఒకడు గొంతు పెంచేడు. "ఆడోళ్ళకి బండిచ్చింది ఎవడు? ఇంటికెళ్ళి గరిట తిప్పమను!"

"మీ ఇంట్లో సెత్త ఉంటే సెప్పు బాబూ. గరిట తరవాత తిప్పుతాను," అంది గురువమ్మ, తల ఎత్తకుండానే.

*

కబురు బండి కంటే ముందు షెడ్డు చేరింది. సూపర్వైజరు బిశ్వజిత్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఒడియా మనిషే గాని ఈ ఊళ్ళో పెరిగినవాడు, తెలుగు బాగానే వచ్చు. గురువమ్మ అతన్ని ఒడియా మర్యాదతో 'ఆజ్ఞా' అంటుంది, అయ్యా అని. వెనకాల రఘు, బీడీ ఆర్పి చెవిలో పెట్టుకుంటూ. రఘుకి లైసెన్సు ఉంది, బండి లేదు. షెడ్డులో ఏ బండికి గీత పడినా ముందు అతని కళ్ళే మెరుస్తాయి.

"ఇది ఎన్నోసారి గురువమ్మా?"

"ఆజ్ఞా, బండి ఎడమకి లాగతంది. సెప్పీ సెప్పీ నా నోరు పడిపోయింది."

"బండి లాగుతోందా, నీ చెయ్యి లాగుతోందా?"

రఘు నవ్వేడు. గురువమ్మ అతనికేసి చూడలేదు.

"ఇంకోసారి ఏదైనా తగిలిందంటే నువ్వు చీపురు పట్టుకో. తాళం రఘుకిస్తాను. హెలా? సరేనా?"

చీపురు దించి స్టీరింగు పట్టుకున్న ఆడది ఆ షెడ్డులో గురువమ్మ ఒక్కతే. చీపురంటే ఆవిడకి సిగ్గు లేదు. వాళ్ళమ్మ పట్టింది, వాళ్ళత్త పట్టింది. కాని తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చెయ్యమంటే అది వేరే సంగతి.

"హెలా కాదు," అంది. "ముందు సక్రాలు సరి సేయించండి. సరైన బండి నా సేతిలో పెట్టండి. అప్పుడు తగిలితే మీరు సెప్పక్కర్నేదు. నానే సీపురు అట్టుకుంటాను."

బిశ్వజిత్ ఆవిడకేసి కాసేపు చూసి, జేబులోంచి ఫోను తీసేడు. మున్సిపాలిటీ బళ్ళ టైర్లూ చక్రాలూ చూసేది సుందరరావు షాపే. "రేపు మధ్యాహ్నం తీసుకెళ్ళు. కడిగి తీసుకెళ్ళు," అన్నాడు.

*

గురువమ్మ బండి కడిగిన తీరు చూసి లిప్సా, "పెళ్ళికూతురికి కూడా ఇంత నీళ్ళు పొయ్యరు" అంది. కుళాయి దగ్గర బకెట్టు మీద బకెట్టు పోసింది. మూలల్లో అంటుకున్నది కొబ్బరి పీచుతో రాసింది. ఫినాయిలు చల్లింది. తలుపు సందులు కూడా వేలికి గుడ్డ చుట్టుకుని తుడిచింది.

సుందరరావు షాపు పేపరు మిల్లు రోడ్డులో ఉంది. నేలంతా తెల్ల పలకలు. మధ్యలో పసుపు రంగు ఇనప ర్యాంపు. దాని మీదికి కారు ఎక్కించి, నాలుగు చక్రాలకీ నాలుగు పట్లు బిగిస్తే, పక్కనున్న తెర మీద ఏ చక్రం ఎంత పక్కకి చూస్తోందో అంకెలు పడతాయి. తప్పుంటే ఎరుపు, సరైతే ఆకుపచ్చ. సుందరరావు తాత ఎప్పుడో పార్వతీపురం నుంచి వచ్చి పప్పుల కొట్టు పెట్టేడు. మనవడు టైర్లలోకి దిగేడు. కొట్టు మారింది గాని గల్లాపెట్టె మీది లక్ష్మీదేవి పటమూ, సాంబ్రాణీ మారలేదు.

గురువమ్మ ఇండికేటరు వేసి ర్యాంపుకేసి తిప్పింది. సుందరరావు చెయ్యి పైకెత్తుకుని పరుగున వచ్చేడు.

"ఏయ్, ఏయ్! అక్కడే, అక్కడే ఆపు! ఆ కరెంటు స్తంభం పక్కన పెట్టు."

"కడిగేను బాబూ."

"కడిగేవులే. పక్కన పెట్టు. వస్తాడు మావాడు."

పక్కన పెట్టింది. బండి నీడలో లిప్సాతో కూర్చుంది. ఒక కారు ఎక్కింది, దిగింది. ఇంకో కారు ఎక్కింది, దిగింది. తరవాత సంతలో మేకల్ని దింపేసి వచ్చిన జీపొకటి ఎక్కింది. ర్యాంపు ఎక్కుతున్నప్పుడు వెనక నుంచి పెంటికలు తెల్ల పలకల మీద జలజల రాలేయి. సుందరరావు కాలితో ఒక పక్కకి నెట్టి, జీపు మనిషితో వానల గురించి మాట్లాడుతూ నిలబడ్డాడు.

గురువమ్మ లేచి వెళ్ళింది. గడప దగ్గర ఆగింది. "బాబూ, మేకల బండి ఎక్కింది గదా."

"అది వేరు."

"ఏటి ఏరు?"

సుందరరావు వెనక్కి తిరిగేడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని లోపలికి పోయేడు. ఫోను మోగిన చప్పుడైతే ఆవిడకి వినబడలేదు.

పొద్దు వాలేక మెకానిక్కు పృథ్వి గాలి గొట్టం లాక్కుంటూ బయటికొచ్చేడు. నాలుగు టైర్లకీ గాలి కొట్టేడు. ముందు చక్రం మీద ఒకసారి అరిచెయ్యి ఆనించేడు. "అయిపోయింది, తీసుకెళ్ళండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చూపు నేల మీదే ఉంది.

"ఏటి అయిపోయింది? మిసను ఎక్కించనేదు గదా?"

పృథ్వి గొట్టం చుట్టుకుంటున్నాడు. లోపల్నుంచి సుందరరావు గొంతు వచ్చింది. "మావాడు కంటితో చూస్తే చాలమ్మా, మిషనెందుకు? అయిపోయిందని మీ సూపర్వైజరు బాబుకి ఫోను కూడా చేసేసేను. ఇంక పదండి, దారికడ్డం."

గురువమ్మ బండెక్కింది. స్టేషను రోడ్డు మలుపు దాటగానే బండి ఎడమకి లాగింది.

*

"షాపాయన చేసేనంటున్నాడు," అన్నాడు బిశ్వజిత్.

"సెయ్యనేదు. గాలి కొట్టి పంపేసేరు. నాను సూసేను, లిప్సా సూసింది."

"అంత పెద్ద షాపు పెట్టుకున్నాయన అబద్ధమాడతాడా? చక్రాలు సరిగానే ఉన్నాయి. ఇంక మిగిలింది నీ చెయ్యి. సోమవారం పొద్దుట రౌండు అయ్యేక తాళం రఘుకిచ్చెయ్."

రఘు ఈసారి నవ్వలేదు. ఇంటికి తీసుకుపోవలసిన వస్తువులా బండికేసి చూసేడు.

గురువమ్మ బండి తలుపు తెరిచి పట్టుకుంది. "మీరు ఎక్కి కూకోండి ఆజ్ఞా. మలుపు దాకా ఎలదుం. మీ కళ్ళతో సూద్దురు గాని," అంది.

బిశ్వజిత్ తన తెల్ల ప్యాంటుకేసి చూసుకుని, బండికేసి చూసి, ఆఫీసులోకి పోయేడు.

మర్నాడు పొద్దున్న రౌండులో లిప్సా కోపంతో విజిలు మామూలు కంటే గట్టిగా ఊదుతోంది. "ఎత్తొద్దక్కా. ఆ షాపు సెత్త ఎత్తొద్దు. పేపరు మిల్లు రోడ్డు మొత్తం ఎత్తొద్దు. కంపు కొడితే ఆల్లే కాళ్ళ బేరానికి వస్తారు."

"ఎత్తకపోతే తప్పు మనదవుద్ది. రఘుగాడికి సోమవారం దాకా కూడా ఆగక్కర్నేదు."

"మరి ఊరుకుంటావా?"

"ఊరుకుంటానన్నానేటి?"

సుందరరావు షాపు ముందు లిప్సా విజిలు ఊదింది. సుందరరావు అప్పుడే షట్టరు ఎత్తి, పటానికి కర్పూరం వెలిగిస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపేడు. "బోణీ కాలేదు! తరవాత రండి!"

రోజూ ఇదే మాట. బోణీ కానిదే ఆ షాపులోంచి చెత్త కూడా బయటికి పోదు. లక్ష్మి వెళ్ళిపోతుందని ఆయన నమ్మకం. అంచేత ఆ ఒక్క షాపు కోసం బండి మళ్ళీ ఇంకోసారి వెనక్కి రావాలి. రోజూ గురువమ్మ గొణుక్కుంటూ ముందుకి పోయేది. ఇవాళ ఇంజను ఆపి, కూర్చుని చూసింది.

సైకిలు మనిషొకడు గాలి అడిగేడు, ఊరికే. "బోణీ కాలేదు," అన్నాడు సుందరరావు. ఎదర టీ కొట్టాయన చిల్లర అడిగేడు. "బోణీ కాలేదయ్యా." తరవాత ముతక పంచె కట్టుకున్న ముసలాయనొకడు వచ్చి, గాలి పోకుండా ట్యూబు మూతికి పెట్టే డబ్బీ ఉందా అన్నాడు. చిటికెన వేలి గోరంత ఉంటుంది ఆ వస్తువు. సుందరరావు లేచి నిలబడ్డాడు. డబ్బీ వెతికి రెండు చేతులా ఇచ్చేడు. ముసలాయన ఇచ్చిన నాణెం కళ్ళకద్దుకున్నాడు, పటం ముందు పెట్టేడు. "మంచిది తాతా, మళ్ళీ రా," అన్నాడు.

"సూసేవా?" అంది గురువమ్మ.

"ఏటి?"

"ఏట్నేదు. పద."

*

సోమవారం తెల్లారకముందే వాన వెలిసింది. షెడ్డులోంచి బండి తీస్తూ గురువమ్మ, "మార్కెట్టు తరవాత. ముందు పేపరు మిల్లు రోడ్డు," అంది. ప్రత్యేకంగా కడగలేదు. రోజూ రౌండయ్యేక ఎలా కడుగుతుందో నిన్న సాయంత్రం అలాగే కడిగింది, అంతే. జాకెట్టు లోపల గుడ్డ చిక్కంలో ఒక నోటు మడత పెట్టి ఉంది.

సుందరరావు షట్టరు ఎత్తేడు. నీళ్ళు చల్లేడు. కర్పూరం వెలిగించి, గంట మోగించి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగేసరికి చెత్త బండి ముందు చక్రాలు రెండూ ర్యాంపు అంచుకి ఆనుకుని ఉన్నాయి. గురువమ్మ దిగి, గడప ఇవతల నిలబడి ఉంది. చేతిలో నోటు.

"బోణీ బాబూ."

సుందరరావు బండికేసి చూసేడు, నోటుకేసి చూసేడు. "మున్సిపాలిటీ బండి ఖాతా... దానికి ఆఫీసు నుంచి రావాలి..."

"ఖాతా కాదు. రొక్కం. నా సొంతం. సక్రాలు సరి సెయ్యాలి. మిసను మీద."

"సాయంత్రం రా. చేయిస్తాను. ఒట్టు."

"సాయంత్రం బోణీ అవదు గదా బాబూ."

ఎదర టీ కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పక్క షాపులో షట్టరు సగం ఎత్తినవాడు సగంలోనే ఆగేడు. పృథ్వి చొక్కా మార్చుకుంటూ లోపల్నుంచి వచ్చి, ఒక చెయ్యి చొక్కాలో ఒక చెయ్యి బయట, అలాగే నిలబడిపోయేడు.

అప్పుడు వెనకనుంచి హారను వినబడింది. తెల్ల కారు. కొత్తది, ముందు నిమ్మకాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. సిమెంటు వ్యాపారం మహేశ్వరరావు. సుందరరావు మొహంలోకి ప్రాణం వచ్చింది. గడప దాటి ఎదురెళ్ళేడు.

"రండి రండి మహేశ్వరరావు గారూ! మీ బండే ముందు. ఏమ్మా, నువ్వు వెనక్కి తియ్యి, ఆయనకి అర్జంటు."

మహేశ్వరరావు అద్దం దించేడు. చెత్త బండినీ, గురువమ్మ చేతిలో నోటునీ, సుందరరావునీ వరసగా చూసేడు.

"బోణీ అయిందా?"

"ఇదిగో, మీదే బోణీ."

"నాదేటి? ఆవిడ నోటు అట్టుకుని నిలబడింది గదా."

"అబ్బే, అది... అది చెత్త బండి కదండీ..."

"ఏ బండైతే ఏటయ్యా? బోణీకొచ్చిన మనిషిని తోసేసి ఆ చోట నా కొత్త బండి ఎక్కిస్తావా? ఘాట్‌లో తిరిగే బండయ్యా ఇది. ఆ దోషం నీకొద్దని నా నెత్తిన పెడతావేటి?" మహేశ్వరరావు ఇంజను ఆపేసేడు. "ఆవిడది కానియ్. అయ్యేక నాది. నేను టీ తాగుతాను."

దిగి టీ కొట్టులోకి పోయి, తమాషా బాగా కనబడే బల్ల చూసుకుని కూర్చున్నాడు. గురువమ్మ మీద ఆయనకి జాలేమీ లేదు. ఆవిడకేసి రెండోసారి చూడను కూడా లేదు. కాని ఆయన కారు రోడ్డుకి అడ్డంగా, కదలకుండా ఉంది.

సుందరరావు పటంకేసి చూసేడు. కర్పూరం ఇంకా వెలుగుతోంది. గురువమ్మ నోటు చాపి అలాగే నిలబడింది. కొన్ని నెలలుగా ఆ బండిని కుడికి లాగుతున్న చెయ్యి అది. ఒక నోటు ఎంత బరువు?

చివరికి సుందరరావు చెయ్యి ముందుకొచ్చింది. నోటు తీసుకుంది. తీసుకున్న చెయ్యి అలవాటు కొద్దీ కళ్ళ దగ్గరికి పోయింది, అద్దుకుంది కూడా. అప్పుడు గాని ఏం చేసేడో ఆయనకి తెలియలేదు. నోటు పటం ముందు పెట్టేసి, "ఎక్కించు," అన్నాడు పృథ్వితో, ఎవరికేసీ చూడకుండా.

"నానెక్కిస్తాను," అంది గురువమ్మ.

ఎక్కించింది. పసుపు ర్యాంపు మీద ఆకుపచ్చ పలకా, నీలం పలకా ఉన్న చెత్త బండి నిలబడింది. పృథ్వి నాలుగు చక్రాలకీ పట్లు బిగించేడు. స్టీరింగు కదలకుండా కర్ర ఆనించేడు. తెర వెలిగింది. అంకెలు పడ్డాయి. అన్నీ ఎరుపు.

"ఓలమ్మో, దసరా లైట్లలాగున్నాయి!" అంది లిప్సా.

మహేశ్వరరావు టీ గ్లాసుతో గడప దాకా వచ్చేడు. "ఇదేటయ్యా ఇంత ఎర్రగా ఉంది?"

"ఏటో బాబూ," అంది గురువమ్మ, రోడ్డుకి వినబడేలా. "మొన్ననే సేసేరు మరి. అయిపోయిందని మా ఆఫీసుకి ఫోను కూడా సేసేరు."

సుందరరావుకి పటం మీద దండ సరిచెయ్యడం అంత పెద్ద పనని అంతవరకూ ఎవరికీ తెలియదు.

పృథ్వి బండి కిందికి దూరేడు. పానా చప్పుడు, ఇనుము మీద సుత్తి దెబ్బ. చాలాసేపటికి తల బయటపెట్టేడు. ఈసారి సూటిగా గురువమ్మకేసి చూసి మాట్లాడేడు.

"అమ్మా, బరువు మోసే ఎడమ కమాను కట్ట దిగిపోయింది. రోజూ బరువంతా ఆ పక్కేనా?"

"తడి సెత్త ఆ పక్కే గదా బాబూ."

"అదీ సంగతి. కింద పట్టీ వేసి ఎత్తేను, చక్రాలు సరిచేస్తాను. కాని మళ్ళీ ఆ పక్కే బరువేస్తే మళ్ళీ ఇంతే. కొన్నాళ్ళు అటుదిటు మార్చండి. పలకలు బోల్టులతో బిగించినవే కదా?" అని ఆగి, గొంతు తగ్గించి, "మొన్న... నన్ను ఎక్కించొద్దన్నారు," అన్నాడు.

"తెల్సు. ఇప్పుడు బాగా బిగించు."

తెర మీద ఒక్కొక్క అంకే ఆకుపచ్చకి తిరిగింది. చివరి అంకె తిరిగేవరకూ గురువమ్మ రెప్ప వెయ్యలేదు. తరవాత పానా అడిగి తీసుకుని, రెండు పలకలూ తనే విప్పింది. నీలం ఎడమకి, ఆకుపచ్చ కుడికి బిగించింది.

బండి దిగి రోడ్డెక్కుతుంటే అద్దంలో కనబడింది. సుందరరావు బకెట్టులో పసుపు నీళ్ళు కలుపుకుని, మామిడి మండతో ర్యాంపు మీద చల్లుతున్నాడు. గుడ్డ తడిపి పలకలు తుడుస్తున్నాడు.

లిప్సా కూడా చూసింది. "అక్కా..."

"సూసేను. తుడుచుకోనియ్."

*

స్టేషను రోడ్డు మలుపు వచ్చింది. అలవాటు కొద్దీ గురువమ్మ ఒళ్ళు కుడికి వంగింది. బండి కుడికి పోయింది. గతుక్కుమని సర్దుకుంది. నిటారుగా కూర్చుంది. చేతులు కొంచెం వదులు చేసింది. ఇంకొంచెం. బండి తన దారిన తాను పోయింది.

"మొగుణ్ణి ఒగ్గీసింది," అంది లిప్సా.

మార్కెట్టు దగ్గర అనాసపళ్ళ మనిషి గోనె పరుస్తోంది. బండిని చూసి కాళ్ళు దగ్గరికి తీసుకుంది. గురువమ్మ ఆమెకి చాలా దూరంగా, గీత గీసినట్టు పోనిచ్చి ఆపింది. ఆ మనిషి చక్రంకేసి చూసి, ముడుచుకున్న కాళ్ళు మెల్లగా చాపుకుంది.

షెడ్డులో రఘు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేడు. బిశ్వజిత్ చెయ్యి చాపేడు. "తాళం."

గురువమ్మ తాళం ఇవ్వలేదు. కొంగులో ముడివేసుకుంది.

"ఇవాళ సుందరరావు గారు సక్రాలు సరి సేసేరు ఆజ్ఞా. మిసను మీద. మహేశ్వరరావు గారు సూసేరు, టీ కొట్టోళ్ళు సూసేరు, రోడ్డంతా సూసింది. అడగండి."

"మొన్ననే చేసేడు కదా?"

"నానూ అదే అడుగుతున్నాను. మొన్న సేసేసిన పని ఇవాళ మళ్ళీ ఎందుకు సేసేరో, సావుకారిని అడగండి. నా సెయ్యి వంకరైతే, మిసను నా సేతిని సరి సేసిందేటి?"

బిశ్వజిత్ ఫోను తీసేడు. పేరు నొక్కబోయి ఆగేడు. ఆ ఫోనులో తను ఏమి అడగాలో, దానికి జవాబు వస్తే తరవాత ఇంకెవరెవరికి ఏమి చెప్పుకోవాలో ఆలోచించుకున్నట్టున్నాడు. ఫోను మళ్ళీ జేబులోకి పోయింది.

రఘు ఈలోగా బండి చుట్టూ తిరిగి, ముందు నిలబడి, చక్రాలకేసి వంగి చూసేడు. బీడీ చెవిలోంచి తీసేడు. "ఇప్పుడు సూటిగానే ఉంది సార్," అన్నాడు, అంత ఇష్టం లేకుండానే.

"పో, రెండో రౌండు మిగిలింది కదా," అన్నాడు బిశ్వజిత్ గురువమ్మతో. "పలకలెందుకు మార్చేవు?"

"కమాను కోసం. వారం మార్చి వారం మారుస్తాను."

బయటికొచ్చేక లిప్సా ఊరుకోలేదు. "మన డబ్బులు అడగవా ఆఫీసులో?"

"అది బోణీయే అమ్మీ. ఎనక్కి తీసుకోకూడదు."

*

ఎండెక్కేక బండి పేపరు మిల్లు రోడ్డుకి తిరిగి వచ్చింది. లిప్సా విజిలు ఊదింది. మామూలుగా ఆమె దిగి మెట్టు మీద పెట్టిన బుట్ట తెచ్చుకుంటుంది. ఇవాళ దిగలేదు. గురువమ్మ ఇంజను ఆపలేదు.

ర్యాంపు మీద ఇంకో కారుంది. దాని వెనక ఇంకోటి ఆగి ఉంది. రోజూ కంటే గిరాకీ ఎక్కువగానే ఉన్నట్టుంది. పృథ్వి కారు కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. సుందరరావు అతన్ని రెండుసార్లు పిలిచేడు. కాళ్ళు కదల్లేదు.

విజిలు మళ్ళీ మోగింది.

సుందరరావు తనే వచ్చేడు. ఒక చేతిలో బుట్ట. అందులో కొబ్బరి చిప్పలు, వాడిన పువ్వులు, మామిడి మండ, పసుపు నీళ్ళు కారుతున్న గుడ్డ. బండికి జానెడు దూరంలో ఆగి, ఎడమ గదిలోకి విసరబోయేడు.

"అది పొడి, బాబూ," అంది గురువమ్మ కిటికీలోంచి. గొంతులో కోపం లేదు. "పలక సూడండి. తడి అటేపు."

సుందరరావు పలక చూసేడు. నీలం. అటేపంటే రోడ్డు పక్క. "నువ్వు తీసుకో..." అని లిప్సాకేసి బుట్ట చాపేడు.

లిప్సా విజిలు నోట్లో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది.

"ఎవరి సెత్త ఆల్లే ఎయ్యాలి. మున్సిపాలిటీ రూలు," అంది గురువమ్మ. "తొందర్నేదు. బోణీ అయిపోయింది గదా."

టీ కొట్టులో ఎవరో దగ్గేరు. సుందరరావు బుట్ట పట్టుకుని బండి వెనకనుంచి చుట్టూ తిరిగేడు. తెరుబలి వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి ఆయన కోసం ఆగి హారను కొట్టింది. ఆయన పంచె ఎగదోపుకున్నాడు. ఆకుపచ్చ పలక వెనక గది అంచు ఎత్తు. విసిరితే గుడ్డ తన మీదే పడుతుంది. అంచేత ఒక చెయ్యి బండి రేకు మీద ఆనించి, మునివేళ్ళ మీద లేచి, బుట్ట బోర్లించవలసి వచ్చింది. పసుపు గుడ్డ మార్కెట్టు తుక్కు మీద పడింది.

గురువమ్మ ఆయన పూర్తిగా గడప ఎక్కేదాకా ఆగింది. అప్పుడు గేరు వేసింది.

"ఏదైనా తింటావా?" అని లిప్సా కాగితం పొట్లం విప్పింది. వేడి బరా, ఒడియా గారెలు. ఇంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా గురువమ్మ, బండి ఆపేకే తింటాననేది.

"తే," అంది. ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి తీసి చాపింది.